ఎర్రగడి తీర్పు కాదు

మా అమ్మ వంటింటి గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతూ ఉండేది. పాలావిడ రాని రోజున ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేది. ఆలస్యంగా వస్తే పక్కన చుక్క పెట్టేది. పాలు మరీ పలచగా ఉన్నాయనిపిస్తే కింద గీత గీసేది. నెలాఖరున లెక్కకి కూర్చున్నప్పుడు ముప్పై తేదీలూ చూసే పని లేదు. సున్నాలు లెక్కపెట్టుకుంటే సరిపోయేది.

ఒక నెల వరసగా నాలుగు సున్నాలు పడ్డాయి. నాన్నగారు అది చూసి, "ఈవిణ్ణి మానిపించి ఇంకొకరిని పెట్టుకోకూడదూ? ఎన్ని నాగాలో చూడు" అన్నారు. "ఆ సున్నాలు చుట్టింది నేనే గదండీ. ఎందుకు చుట్టానో నాకు తెలుసు. వాళ్ళత్తగారు పోయింది" అంది అమ్మ. నాలుగు రోజుల పాల డబ్బు తగ్గించింది. పాలావిణ్ణి మాత్రం మానిపించలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట నాకు గుర్తు రావడానికి కారణం ఒక కంప్యూటర్ కాగితం. అది నేను చేసిందే. అందులో జరిగిన తప్పూ నాదే.

మాది జగ్గయ్యపేట. 2022 నుంచి మా ఊరూ నందిగామా ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా మెట్టప్రాంతం అనే వస్తుంది. నందిగామలో ఒక కాలేజీలో కామర్స్ చెబుతూ ఇరవై ఏళ్ళు హైవే మీద బస్సుల్లో తిరిగాను. అలా చదువు చెప్పిన పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు నందిగామ పక్క పల్లెలో ఒక పొదుపు సంఘానికి లీడరు. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, "మేడం, కంతులు ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో పుస్తకంలో వెతకలేక చస్తున్నాం. ఎక్సెల్‌లో పెట్టిస్తారా?" అని అడిగింది.

సరేనన్నాను. సభ్యులు 12 మంది, కంతులు 24. అంటే 288 గడులు. అన్ని గడుల్లో ఏది ఖాళీగా ఉందో పట్టుకోవడం ఎంత చురుకైన కంటికైనా కష్టమే. అందుకని గడులకి రంగు వచ్చేలా షరతు పెట్టాను. దీన్నే కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు. పేరు పెద్దది గానీ విషయం చిన్నదే. "ఫలానా మాట నిజమైతే ఈ గడికి ఈ రంగు వెయ్యి" అని ముందుగా చెప్పి ఉంచడం. మా అమ్మ సున్నా చుట్టినట్టే. కాకపోతే సున్నా చుట్టేటప్పుడు అమ్మ చూసేది, ఆలోచించేది. యంత్రం చూస్తుంది, అంతే.

ఈ సదుపాయం కొత్తదేమీ కాదు. వ్యక్తిగత కంప్యూటర్ల మీద మొదటి స్ప్రెడ్‌షీట్‌గా పేరొందిన విసికాల్క్ 1979లో వచ్చింది. ఎక్సెల్ 1985లో వచ్చింది. రంగుల షరతులు ఎక్సెల్ 97తో వచ్చాయి. అప్పట్లో ఒక గడికి మూడు షరతులే పెట్టుకోనిచ్చేవారు. 2007లో ఆ పరిమితి తీసేశారు. ఇప్పుడు ఫోనులో ఉచితంగా దొరికే గూగుల్ షీట్స్‌లోనూ ఇది ఉంది. కాబట్టి ఇది ఆఫీసర్ల వ్యవహారం అనుకోనక్కర్లేదు. చీటీ పాటలు, గ్యాస్ బండ తేదీలు, పిల్లల టీకాలు, ఎవరి లెక్కకైనా పనికొస్తుంది.

ముందు కట్టినావిడకి ఎర్రరంగు

నేను పెట్టిన షరతు ఇది: పదో తేదీ దాటాక ఆ నెల గడి ఖాళీగా ఉంటే, పేరుతో సహా ఆ వరసంతా ఎర్రబడాలి. మూడు నెలలు బాగా నడిచింది. లీడరమ్మాయి మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

2024 మే నెల కాగితంలో ఒకావిడ పేరు ఎర్రగా వచ్చింది. ఏప్రిల్ గడి ఖాళీ, మే గడి ఖాళీ. ఆ కాగితాన్ని ఎవరో ఫోటో తీసి సంఘం వాట్సాప్‌లో పెట్టారు. ఇంటర్ చదివే ఆవిడ కూతురు అది చూసి, "అమ్మా, నీ పేరు ఎర్రగా ఉందేంటే?" అని అడిగిందట. ఆ వారం మీటింగులో తర్వాతి అప్పు సంగతి వచ్చినప్పుడు, "ఆవిడ వాటా తగ్గిద్దాం" అని ఇద్దరు అన్నారట. ఆవిడ ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది.

రెండ్రోజుల తర్వాత చేతిలో సంచీతో జగ్గయ్యపేటలో మా గుమ్మం ముందు నిలబడింది. సంచీలోంచి చిన్న పుస్తకం తీసి నా చేతికిచ్చింది.

"ఏవండీ మేడంగారూ, మార్చిలో మిరపకోతలప్పుడు నాలుగు నెలలయ్యీ కలిపి ఎనిమిదేలు కట్టేశాను గదండీ. మే నెలలో పనులుండవని ముందే కట్టాను. ముందు కట్టినోళ్ళకి ఎర్రరంగేస్తారా మీ కంప్యూటర్లో?"

పుస్తకం చూశాను. కాగితం చూశాను. నెలకి 2,000 కంతు. జనవరి 2,000, ఫిబ్రవరి 2,000, మార్చి 8,000. మొత్తం 12,000. మే దాకా కట్టవలసింది 10,000. అంటే ఆవిడ బాకీ పడలేదు సరికదా, జూన్ కంతు కూడా ముందే కట్టేసి ఉంది. నా షరతు ఒక్కో నెల గడిని విడివిడిగా చూసింది. మార్చి గడిలో ఉన్న ఎనిమిది వేలు ఏప్రిల్‌కీ మేకీ కూడా చెల్లుతాయన్న సంగతి దానికి తెలియదు. దానికి తెలియజెప్పవలసింది నేను.

నాకు తల కొట్టేసినట్టయింది. లెక్క తప్పు అయితే దిద్దుకోవచ్చు. కానీ ఒక మనిషి పేరు ఊరందరి ఫోనుల్లోకీ ఎర్రగా వెళ్ళింది. దాన్ని ఏ రబ్బరుతో తుడుస్తాం?

అంకె మీద వచ్చే అనుమానం రంగు మీద రాదు

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ కాగితంలో అంకెలన్నీ ఉన్నాయి. మార్చి గడిలో 8,000 అని స్పష్టంగానే ఉంది. మీటింగులో పన్నెండు మంది ఉన్నారు. ఒక్కరు కూడా ఆ అంకె చదవలేదు. ఎరుపు చూశారు, చాలనుకున్నారు. అదే చేత్తో రాసిన పుస్తకమైతే, "ఆగవే, మార్చిలో ఎంత కట్టిందో చూడు" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. కంప్యూటర్ వేసిన రంగు అనేసరికి అడగడం మానేశాం.

ఎరుపంటే మనకి చిన్నప్పటినుంచీ ఒక భయం. ప్రోగ్రెస్ కార్డులో 35కి తగ్గిన మార్కుల కింద ఎర్రసిరా గీత. అది చూపించి నాన్న చేత సంతకం పెట్టించుకోవడానికి పడ్డ అవస్థ ఎవరికి తెలియదు? ఆ భయమే పెద్దయ్యాక కూడా పనిచేస్తుంది. ఎర్రగడి కనబడగానే అందులో ఉన్న మనిషి తప్పు చేసినట్టే అనిపిస్తుంది.

నిజానికి ఆ రంగు చెప్పేది ఒక్కటే. 'ఎవరో పెట్టిన ఒక షరతు ఇక్కడ నెరవేరింది' అని. ఆ షరతు సరైనదేనా, అది ఈ మనిషికి వర్తిస్తుందా అన్నవి మనం తేల్చుకోవలసినవి.

బ్యాంకులకున్న ఓపిక మనకి లేదా?

"డబ్బు విషయంలో జాలి చూపిస్తే సంఘాలు మునిగిపోతాయి" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజం లేదని నేను అనను. 1982లో డ్వాక్రా పథకం మొదలైనప్పటినుంచీ, 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అప్పుల ప్రయోగం మొదలుపెట్టినప్పటినుంచీ, ఆడవాళ్ళ సంఘాలకి పరువు తెచ్చింది సకాలంలో కట్టే అలవాటే. వడ్డీ రాయితీకైనా తర్వాతి అప్పుకైనా అదే కొలత. ఒకరు ఎగ్గొడితే ఆ దెబ్బ మిగతా పదకొండు మందికీ తగులుతుంది. కాబట్టి ఎవరు వెనకబడ్డారో తెలియాల్సిందే.

కానీ ఒక సంగతి గమనించండి. అప్పు వాయిదా తప్పిన మర్నాడే ఏ బ్యాంకూ దాన్ని మొండిబాకీ అనదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మామూలు అప్పుల్లో వాయిదా 90 రోజులకి మించి నిలిచిపోతేనే దాన్ని నిరర్థక ఆస్తిగా లెక్కిస్తారు. 2004 మార్చికి ముందు ఆ గడువు 180 రోజులు ఉండేది. ఈ లోపల కూడా 30 రోజుల దాకా ఒక మెట్టు, 60 రోజుల దాకా ఇంకో మెట్టు, 90 రోజుల దాకా మూడో మెట్టు అని విడివిడిగా గుర్తులు పెట్టుకుంటారు. తక్కువ కాలపు పంటల రుణమైతే రోజులతో కాక పంటకాలంతో కొలుస్తారు. రెండు పంటకాలాలు దాటాకే దాన్ని మొండిబాకీల్లో వేస్తారు. ఎందుకని? రైతు చేతికి డబ్బు నెలనెలా రాదు, పంటతో వస్తుంది కనుక.

మరి ఆ రైతు చేలో మిరపకాయలు కోసే ఆడకూలీ చేతికి డబ్బు ఎప్పుడొస్తుంది? అదే పంటతో గదా వస్తుంది! మా మెట్టలో పత్తితీతలూ మిరపకోతలూ ఉన్న నెలల్లో నాలుగు డబ్బులు ఆడతాయి. మే ఎండల్లో చేలు బీడుపడి ఉంటాయి. తొలకరి పడి కలుపులు మొదలయ్యేదాకా చెయ్యి ఖాళీ. కోట్ల రూపాయలు తిప్పే బ్యాంకులు మెట్లు పెట్టుకుని, పంటకాలాలు చూసుకుని నడుస్తుంటే, మనం మాత్రం పదో తేదీ దాటగానే తోటి ఆడదాని పేరు మీద ఎర్రరంగు పోస్తామా?

వరసంతా ఎర్రబడితే

ఆ మే నెలలోనే షరతు మార్చాను. నెల గడిని చూడటం మాన్పించి రెండు నిలువు వరసలు కొత్తగా పెట్టాను. ఒకటి 'ఇప్పటిదాకా కట్టవలసింది', రెండోది 'ఇప్పటిదాకా కట్టింది'. రెండోది మొదటిదానికన్నా తక్కువైతేనే రంగు. ఎక్కువైతే ఆకుపచ్చ, అంటే 'ముందే కట్టింది' అని. ముందు కట్టినావిడ పేరు జూన్ కాగితంలో తెల్లగా వచ్చింది. సరిగ్గా కట్టవలసినంతా కట్టింది కాబట్టి ఏ రంగూ లేదు.

ఇక ఇబ్బంది లేదనుకున్నాను. అప్పుడు వానలొచ్చాయి. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదటి తేదీన పడ్డ వానలకి జగ్గయ్యపేటలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మునేరు పొంగింది. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్ళొచ్చి బండ్లు ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది, 2023 జూలైలోనూ అక్కడ అంతే జరిగింది. సెప్టెంబరు పదో తేదీ దాటాక కాగితం తీస్తే పన్నెండు పేర్లలో తొమ్మిది ఎర్రగా ఉన్నాయి. ఈసారి షరతులో తప్పేమీ లేదు. తొమ్మిది మంది నిజంగానే కట్టలేదు. అయినా ఆ కాగితం చెబుతున్నది ఆ తొమ్మిది మంది సంగతా, మునేరు సంగతా?

అప్పుడు నాకు ఒక విషయం తెలిసివచ్చింది. ఒక గడి ఎర్రబడితే ఆ మనిషి దగ్గరికి వెళ్ళి మంచీచెడ్డా కనుక్కోవాలి. వరసంతా ఎర్రబడితే మనిషిని వదిలేసి ఊళ్ళో ఏం జరిగిందో చూడాలి. రెంటిలోనూ రంగు మనకిచ్చేది ఒక ప్రశ్న మాత్రమే. జవాబు మనమే వెతుక్కోవాలి.

సంఘం వాళ్ళు ఆ నెల ఆ పనే చేశారు. కాగితం ఎవరికీ పంపలేదు. లీడరూ రెండో లీడరూ ఇల్లిల్లూ తిరిగారు. ఎవరికి ఎన్ని రోజులు పని పోయిందో రాసుకున్నారు. సంఘం పొదుపులోంచి ఆ నెల బ్యాంకు కంతు సర్దారు. తర్వాతి మూడు నెలల్లో తొమ్మిది మందీ ఆ డబ్బు తిరిగి వేశారు. రంగు చూసి తగాదా పడి ఉంటే ఆ సంఘం ఆ సెప్టెంబరులోనే విడిపోయేది.

షరతు రాసేటప్పుడు

ఇంట్లోనో సంఘంలోనో ఇలాంటి లెక్క పెట్టుకునేవాళ్ళకి, దెబ్బతిని నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, షరతును గడి గడికీ కాకుండా మొత్తానికి పెట్టుకోండి. ఎక్సెల్‌లో అయితే హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, అందులో న్యూ రూల్, దాంట్లో ఫార్ములా వాడే పద్ధతి ఎంచుకోవాలి. వరసంతా రంగు రావాలంటే ఫార్ములాలో నిలువు వరస అక్షరం ముందు డాలరు గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే ఒక గడికి రావలసిన రంగు పక్క గడికి వస్తుంది.

రెండోది, మనకి '500/-' అని రాసే అలవాటుంది. అలా రాస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా కాక మాటగా తీసుకుంటుంది. మాటని ఎప్పుడూ అంకెకన్నా పెద్దదిగానే చూస్తుంది. దాంతో తక్కువ కట్టినవాళ్ళకి రావలసిన రంగు రాకుండా పోతుంది. ఉత్త అంకె మాత్రమే వెయ్యాలి. అలాగే ఖాళీ గడిని సున్నా కింద లెక్కవేసే సందర్భాలున్నాయి. 'కట్టలేదు' వేరు, 'ఇంకా రాయలేదు' వేరు. ఆ తేడా షరతులోనే చెప్పాలి.

మూడోది, ఒక్క ఎరుపుతో సరిపెట్టకండి. 30 రోజులకి లేత పసుపు, 60 రోజులకి నారింజ, 90 దాటితేనే ఎరుపు పెట్టుకోండి. షరతులు ఎన్ని ఉన్నా పైన ఉన్నదానికే ముందు పెత్తనం. కాబట్టి 'ముందే కట్టింది' అన్న షరతు అన్నిటికన్నా పైన ఉండాలి. గడులు కాపీ చేసి అతికించినప్పుడు షరతులూ వాటితోపాటు వచ్చి చిక్కుపడతాయి. నెలకోసారి మేనేజ్ రూల్స్ తెరిచి జాబితా చూసుకోవడం మంచిది.

నాలుగోది, రంగు పక్కన ఒక మాట ఉండాలి. జిరాక్సు షాపులో తెలుపు నలుపుల్లో తీస్తే ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిదరంగులో వస్తాయి. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని చూపున్నవాళ్ళు కూడా ఉంటారు, ముఖ్యంగా మగవాళ్ళలో. అందుకని పక్కనే ఇంకో వరస పెట్టి 'ముందే కట్టింది', 'వాన వల్ల పని లేదు', 'అడగాలి' అని రాయండి. 'బాకీ' అని రాసేకన్నా 'అడగాలి' అని రాయడం మేలు. అసలు చెయ్యవలసిన పని కూడా అదే గదా!

పేర్లున్న కాగితం ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దేవద్దు. సంఘం లెక్క సంఘం సభ్యులందరికీ తెలియాలి. నలుగురూ కూర్చుని పుస్తకం తెరిచి చూసుకోవాలి. ఫోనులోకి ఎక్కిన ఫోటో ఎవరి వియ్యపురాలి చేతికి వెళుతుందో మన చేతుల్లో ఉండదు.

గడులు నింపడం దగ్గరే ఆగిపోవద్దు

చివరగా ఒక మాట మా అమ్మాయిలకి. నేను పాఠాలు చెప్పిన పిల్లల్లో ఎంతోమంది ఇవాళ కొట్లలో, ఆస్పత్రుల్లో, ఫైనాన్సు ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. సంతోషమే. కానీ నేను చూసినంతలో గడులు నింపే పని వీళ్ళది, ఏ గడికి ఏ రంగు రావాలో చెప్పే పని ఇంకెవరిదో. "ఈ పేరు ఎందుకు ఎర్రబడిందమ్మా?" అని అడిగితే "ఏమో మేడం, అదే వస్తుంది" అంటారు. అదే రాదు. ఎవరో రాస్తే వస్తుంది. రాసింది ఎవరో తెలుసుకోండి. రాయడం నేర్చుకోండి. వారం రోజుల పని అది. పండక్కి ముగ్గు పెట్టేటప్పుడు ఏ చుక్కని ఏ చుక్కతో కలపాలో లెక్క వేసుకునే ఆడపిల్లకి ఇది కష్టమైన విద్య కాదు.

ముందు కట్టినావిడ ఇప్పటికీ ఆ సంఘంలోనే ఉంది. వాటా తగ్గించకుండానే తర్వాతి అప్పు తీసుకుంది. మీటింగులో కాగితం తియ్యగానే ఇప్పుడు ఆవిడే ముందుగా అడుగుతుందట: "ఈ రంగు దేనికేశారో ముందది చెప్పండమ్మా, తర్వాత పేర్లు చదువుదురుగాని."

మీ సంఘంలోనో, మీ పిల్లల స్కూల్లోనో, మీరు పనిచేసే చోటో ఎవరి పేరైనా ఎర్రగా కనబడితే, దయచేసి మీరూ ముందు ఆ మాటే అడగండి.